బాత్మా మాట మీద ఎక్కిన గుర్రాలు

కెంజెబాయ్ రాజధాని బిష్కెక్ నుంచి దిగిన రోజున బాత్మా చేతిలో రొట్టె కూడా సరిగా కాలదు. అతను ఆమె మరిది. నలభై ఆరేళ్ళవాడు, రెండు టైర్ల దుకాణాల యజమాని, గడ్డం ఎక్కడ అయిపోయి మెడ ఎక్కడ మొదలవుతుందో తెలియని మనిషి. భర్త తరఫు మగవాళ్ళ పేర్లు కోడలి నోట రాకూడదు గనక, పెళ్ళయి వచ్చిన నాడు, అప్పటికి ఎనిమిదేళ్ళ చీమిడి ముక్కు పిల్లాడైన అతనికి బాత్మా ‘చిన్నోడు’ అని పేరు పెట్టుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళయినా నలుగురిలోనూ అలాగే పిలుస్తుంది. ఆచారాన్ని అతను తప్పు పట్టలేడు, ఆ పిలుపును మింగలేడు. అది తెలిసే ఆమె ఒకసారి పిలవాల్సిన చోట రెండుసార్లు పిలుస్తుంది.

ఆ ఏడు ఆగస్టు మొదట్లో అతను కారు వెనక ఒక పాలరాతి పలక వేసుకుని వచ్చాడు. మూడు కనుమల అవతల, మనిషన్నవాడు కాపురం ఉండని లోయలో వాళ్ళ ఏడో తరం తాత సమాధి ఉంది. దాని మీద ఈ రాయి నిలబెట్టాలి, అక్కడ ఒక గొర్రెను కోసి ఖురాన్ చదివించాలి, అందుకు వంశంలో మగవాళ్ళు పద్నాలుగు మంది గుర్రాల మీద పోవాలి. ఆలోచన మంచిదే. రాయి చూసేదాకా బాత్మా కూడా మంచిదేననుకుంది. రాతి మీద తాత పేరు ఓ మూల జానెడు జాగాలో ఉంటే, చందా ఇచ్చినవాళ్ళ పేర్లు మూరెడు మేర ఉన్నాయి. అందులో మొదటి పేరు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ప్రయాణం సంగతి మాట్లాడటానికి అందరూ రిస్కుల్ ఇంట్లో కూర్చున్నారు. రిస్కుల్‌కు ఎనభై దాటాయి. బాత్మా మామగారికి చిన్నాన్న కొడుకు. ఊళ్ళో ఆయన ఊ అంటే ఊ, ఊహూ అంటే ఊహూ. కెంజెబాయ్ ఫోనులో పటం తెరిచి, దాని మీద వేలితో గీత గీసి, ఆరు రోజుల్లో పోయి రావచ్చని తేల్చేశాడు. ఇక్కణ్ణుంచి ఇక్కడికి నలభై కిలోమీటర్లు, గుర్రానికి అదో దూరమా అన్నాడు. మగవాళ్ళంతా తలలూపారు. ఫోను చూపిస్తే తల ఊపడం వాళ్ళకు అలవాటు.

గుమ్మం దగ్గర కూర్చుని టీ పోస్తున్న బాత్మా గిన్నె కింద పెట్టింది.

“చిన్నోడా, ఆ గీతలో గడ్డి ఎక్కడుందో కాస్త చూసి చెప్పు” అంది.

ఎవరో నవ్వారు. కెంజెబాయ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. అప్పుడామె చెప్పడం మొదలుపెట్టింది. తొమ్మిది రోజులు, ఒక్క రోజు కూడా తగ్గదంది. మొదటి రోజు సగం పూటే నడవాలి. ఏ మూట జారుతుందో, ఏ జీను ఎక్కడ ఒరుస్తుందో ఊరి దాపునే తేలిపోవాలి. రెండో రోజు జమాన్‌బెల్ కనుమ. మధ్యాహ్నమైతే అక్కడ మంచు మెత్తబడి గుర్రం పొట్టదాకా దిగబడుతుంది, కాబట్టి పొద్దెక్కకముందే దాటాలి. మూడో రోజు నది. మంచు కరిగిన నీళ్ళు సాయంత్రానికి పొంగుతాయి. ఎంత తొందరున్నా ఇవతలి ఒడ్డునే పడుకుని, తెల్లవారి నీళ్ళు తగ్గాక దిగాలి. నాలుగో రోజు దారి పొడుగునా రాళ్ళే, గడ్డిపోచ దొరకదు. ఆ రోజుకు గుర్రానికి రెండు పూటల బార్లీ ఇక్కణ్ణుంచే మోసుకుపోవాలి. మనుషులు ఎక్కడ తింటారన్నది తర్వాతి మాట, గుర్రాలు మేసే చోటే మకాం. భర్త ఓమోర్‌తో కలిసి ఆమె ఆ లోయకు రెండుసార్లు పోయింది. ఒకసారి పోయినప్పుడు ఆగస్టులోనే మంచు తుఫాను వస్తే నాలుగు రోజులు రాతి కింద కూర్చుని ఎండు పెరుగు ఉండలు చప్పరిస్తూ బతికారు.

ఆఖరున రాయి దగ్గరికి వచ్చింది. ఒకే రాయిని ఏ గుర్రమూ మొయ్యదు, బరువన్నది రెండు పక్కలా సమంగా వేలాడాలి, రాయిని రెండు ముక్కలు చేయించమంది. కెంజెబాయ్‌కి టీ గొంతుకు అడ్డంపడింది. రిస్కుల్ ఊ అన్నాడు. కోత ఎక్కడ పడాలో కొలిచి బొగ్గుతో గీత గీసిచ్చింది బాత్మాయే. అది చందాదారుల జాబితా మధ్యగా పోయి, మొదటి పేరును నిలువునా చీల్చింది. సమంగా రావాలంటే అక్కడే కొయ్యాలట. కావాలని చేసిందా అంటే, కావాలనే చేసింది. కానీ సమంగానే వచ్చింది.

మరునాడు కెంజెబాయ్ బదులు తీర్చుకున్నాడు. అందరి ముందూ, చాలా మర్యాదగా.

“వదినా, రాయి నువ్వు చెప్పినట్టే కోయించాం. రోజులు నువ్వు చెప్పినట్టే తొమ్మిది పెట్టాం. ముందు నడిచే గుర్రం మాత్రం నేను చెప్తా. మా అన్న గుర్రం మీద నేనెక్కుతా.”

ఓమోర్ గుర్రం గోధుమవన్నెది, జూలు నలుపు, వెన్ను మీద నల్లటి గీత. కుదుపన్నది లేకుండా నడుస్తుంది, మీద కూర్చున్నవాడి చేతిలో నిండు గిన్నె ఒలకదు. ఓమోర్ గుండె ఆగి పోయి నాలుగేళ్ళయింది. అప్పట్నుంచి ఆ గుర్రం మీద బాత్మా తప్ప ఇంకొకరు ఎక్కలేదు. ఆమెకు పిల్లల్లేరు. పొద్దున లేస్తే మాట్లాడేది దానితోనే. అది తన దగ్గర ఉండాలి, ఈ మనిషి చేతిలో పడకూడదు. ఆ వేసవిలో ఆమెకు కావలసింది ఆ ఒక్కటే.

ఈ భయం ఊరికే పుట్టింది కాదు. ఓమోర్ పోయిన ఏడే కెంజెబాయ్ వచ్చి, రెండు రోజుల్లో తెచ్చిస్తానని చెప్పి, ఓమోర్‌దే ఇంకో గుర్రాన్ని, బూడిదరంగుదాన్ని, పట్టుకెళ్ళాడు. మేక కళేబరం కోసం గుర్రాల మీద పెనుగులాడే ఆట ఉందిగా, అందులో దించాడు. కాలు విరిగింది. కోశారు. ఓమోర్ సంవత్సరీకానికి సరిగ్గా ముందురోజు అద్దె కారులో ఒక సంచీ వచ్చింది, నిండా ఆ గుర్రం మాంసం. మంచి కొవ్వు పట్టింది వదినా, అని ఫోనులో కబురు. మాంసం పారేస్తే పాపం. ఇంటినిండా చుట్టాలు. వండింది. నలభై మంది తిన్నారు, మెచ్చుకున్నారు, తమ్ముడంటే అలా ఉండాలన్నారు. బాత్మా ముద్ద ముట్టలేదు. ఆ రోజు మొదలు, మరిది పోతే ఏడవనని ఇరుగుపొరుగుతో పైకే అనేది.

అన్న గుర్రం తమ్ముడెక్కుతాననడం న్యాయం. తాత సమాధికి పోయే ప్రయాణంలో మరీ న్యాయం. విధవరాలు వద్దనడానికి లేదు. అయినా వద్దంది. మాటకు మాట పెరిగింది. నువ్వు మీ పుట్టింటి నుంచి ఏ గుర్రం తోలుకొచ్చావని అతనూ, నువ్వు అన్న పాడె మోయడానికి ఎన్ని గంటలు ఆలస్యంగా వచ్చావో చెప్పమని ఆమే. రిస్కుల్ కర్రతో నేల మీద కొట్టి ఇద్దరినీ ఆపాడు.

“గుర్రం సిద్ధమైతే వాడెక్కుతాడు, సిద్ధం కాకపోతే ఎక్కడు. సిద్ధమైందో లేదో చెప్పేది నువ్వే కదమ్మా. నీ మాట మీద ఎవరం మాట్లాడతాం?”

ఆ మాట నిజం. వేసవంతా కొండ మీద పచ్చిగడ్డి మేసి దిగిన గుర్రానికి ఒళ్ళంతా నీటికొవ్వు ఉంటుంది. చూడటానికి నిగనిగలాడుతుంది, కనుమ ఎక్కిస్తే సగం దారిలో కూలబడుతుంది. అందుకే దూరం పోయేముందు దాన్ని గట్టి పరచాలి. సాయంత్రం చెమట పట్టేదాకా స్వారీ చేసి, తల పైకెత్తి కొయ్యకు కట్టేయాలి. తెల్లారేదాకా గడ్డి లేదు, నీళ్ళు లేవు. అలా కొన్ని రాత్రులు. ఎన్ని రాత్రులన్నది గుర్రాన్ని బట్టి. మెడ మీద చెమటను అరచేత్తో తుడిచి నాలిక్కి రాసుకుంటే తెలుస్తుంది. మొదట్లో చిక్కగా, సబ్బునురుగులా, వెగటుగా ఉంటుంది. రోజురోజుకీ పలచబడుతుంది. కన్నీళ్ళలా తేటగా, ఉత్త ఉప్పగా తగిలిన నాడు గుర్రం సిద్ధమైనట్టు. ఆపైన ఒక్క రాత్రి కట్టినా కొవ్వు పోయి కండ కరగడం మొదలవుతుంది.

బాత్మా తండ్రి సామూహిక వ్యవసాయ క్షేత్రంలో గుర్రాలు కాసేవాడు. ఏడేళ్ళ కూతురి నాలిక మీద చెమట రాసి, ఎలా ఉందో చెప్పమనేవాడు. తప్పు చెబితే నెత్తిన మొట్టికాయ. ఓమోర్ మంచివాడే కానీ అతనికి ఆ రుచి పట్టే నాలిక లేదు. ఆ మాట అతనే అందరికీ చెప్పుకునేవాడు. అతని మోకాళ్ళు పట్టేసిన నాటి నుంచి, అంటే పదకొండేళ్ళుగా, ఊళ్ళో దూర ప్రయాణానికి పోయే ప్రతి గుర్రాన్నీ బాత్మాయే రుచి చూసి పంపుతోంది. ఆమె సరేనంటే మగవాడు జీను వేస్తాడు, ఊహూ అంటే వేయడు. అంత మాట ఆ చుట్టుపక్కల ఇంకే ఆడదానికీ లేదు, మగవాళ్ళలో కూడా రిస్కుల్‌కు తప్ప లేదు. ఆమెకున్న ఆస్తి అదే. అందుకే ఈ ప్రయాణంలో పద్నాలుగు మంది మగవాళ్ళ వెంట పదిహేనో మనిషిగా, దారి చెప్పడానికి ఆమెను తీసుకుపోతున్నారు.

బరువులు మోసేవాటితో కలిపి పదిహేడు గుర్రాలను ఆమె పెరట్లోనూ పక్క పెరళ్ళలోనూ కట్టారు. రోజూ పొద్దున్నే కెంజెబాయ్ గోడ మీదుగా తొంగి చూసేవాడు.

“ఏం వదినా, మా అన్న గుర్రాన్ని పెరుగుండ చేసినట్టు ఎండబెడుతున్నావా?”

“నీ పొట్టను కూడా తీసుకొచ్చి కట్టు చిన్నోడా. దానికి నెల పడుతుంది.”

ఎనిమిదో పొద్దున గోధుమవన్నె గుర్రం మెడ తుడిచి నాలిక్కి రాసుకుంది. తేటగా, ఉప్పగా ఉంది. పదిహేడింట్లో అదే మొదట సిద్ధమైంది. మంచి గుర్రం మరి. అప్పుడే గోడ మీద మరిది తల లేచి, ఎలా ఉందని అడిగింది.

“చిక్కగానే ఉంది” అంది బాత్మా.

పుట్టి బుద్ధెరిగాక ఈ విషయంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది. ఎంత సులువుగా వచ్చిందో చూసి ఆమెకే భయమేసింది. ఆ వెంటనే సంతోషమూ కలిగింది, దాచుకోవడమెందుకు. ఆ రాత్రీ కట్టింది. ఆ మరునాడూ కట్టింది. పదో రోజుకు మిగతావన్నీ సిద్ధమై, బార్లీ తింటూ బలం పుంజుకుంటున్నాయి. ఇది మాత్రం కొయ్యకు తల ఎత్తుకుని నిలబడే ఉంది. పన్నెండో నాటికి డొక్కలు లోపలికి పోయాయి. పొద్దున ఆమె విప్పడానికి పోతే మునుపటిలా ముక్కుతో భుజం నెట్టేది కాదు, కట్టు విప్పేదాకా కళ్ళు అరమూసుకుని ఊరుకునేది. ఆమె దాని మెడ మీద తల ఆనించి ఏడ్చింది. ఏడుస్తూనే సాయంత్రం మళ్ళీ స్వారీ చేసి మళ్ళీ కట్టింది. నాలుగు రోజులు పస్తుంటే మళ్ళీ మేపుకోవచ్చు, ఆ చేతుల్లో పడితే మళ్ళీ సంచీలో వస్తుంది అని తనకు తాను చెప్పుకుంది. ఆ లెక్క తప్పని చెప్పడానికి పక్కన ఓమోర్ లేడు.

బయల్దేరేముందు రోజు మధ్యాహ్నం ఊరి పక్క మైదానంలో గుర్రాలను వరసగా నిలబెట్టారు. ఆడవాళ్ళూ పిల్లలూ అందరూ వచ్చారు. కెంజెబాయ్ కొత్త తెల్ల టోపీ పెట్టుకుని, తాతలనాటి వెండి పట్టీల జీను భుజాన వేసుకుని వచ్చాడు. బాత్మా గోధుమవన్నె గుర్రం మీద కూర్చుని, ఊరంతా ఒక చుట్టు తిప్పి, చెమటతో ఉన్నదాన్ని తెచ్చి వరస చివర దిగింది. పక్కటెముకలు దూరం నుంచే లెక్కపెట్టొచ్చు. తుంటి ఎముకలు పైకి పొడుచుకొచ్చాయి.

కెంజెబాయ్ దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. భుజం మీది జీను దించలేదు.

“దీన్నెక్కి పోతే తాత సమాధిలోంచి లేచి నన్ను తంతాడు” అన్నాడు. తర్వాత గొంతు పెంచి అందరికీ వినపడేలా, “మా వదిన మా అన్న గుర్రాన్ని మాడ్చింది. నాకు దక్కకూడదని మాడ్చింది. చూడండి.”

“పద్నాలుగు రాత్రులు కట్టినా చెమట చిక్కగానే ఉంది” అంది బాత్మా. “కొన్ని గుర్రాలంతే. సిద్ధం కాలేదు. టైర్లు అమ్ముకునేవాడికి చెమట గురించి ఏం తెలుస్తుంది?”

జనం ఆమె వైపే ఉన్నారు. పదకొండేళ్ళ మాట అది, ఒక్క అరుపుకు పడిపోదు. ఇద్దరు ముసలాళ్ళు, కొన్ని గుర్రాలు అంతేనయ్యా అని కెంజెబాయ్‌నే మందలించారు. అతను కాండ్రించి ఉమ్మి, పోయి బార్లీతో బలం పుంజుకున్న ఎర్ర గుర్రం మీద తాత జీను వేశాడు. బాత్మా గెలిచింది. గోధుమవన్నె గుర్రం పగ్గం ఆమె చేతిలోనే ఉంది, ఉంటుంది.

రిస్కుల్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. గుర్రం డొక్క నిమిరాడు, జూలు కింద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత ఆ అరచేతిని నోటి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయనకు పళ్ళు పోయాయి, చూపు మందగించింది, నాలిక మాత్రం బాత్మా తండ్రి నాలికతో పందెం కట్టిన నాలిక.

ఆయన ఆమె దగ్గరగా వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా అడిగాడు.

“ఏమంటావమ్మా? చిక్కగా ఉందా?”

దారి ఇచ్చాడాయన. తప్పయింది మామయ్యా అంటే అక్కడితో పోయేది, ఆ మాట ఆయన కడుపులోనే ఉండిపోయేది. కానీ పది అడుగుల అవతల కెంజెబాయ్ జీను పట్టీ బిగిస్తూ ఇటే చూస్తున్నాడు. తప్పయిందంటే గుర్రం వాడిదైపోతుందని ఆమె భయం.

“చిక్కగానే ఉంది” అంది.

రిస్కుల్ తలాడించి, చేతిని కోటుకు తుడుచుకున్నాడు. కోడలు చిక్కగా ఉందంటోంది, గుర్రం ఇక్కడే ఉంటుంది, దాన్ని చూసుకోవడానికి కోడలు కూడా ఇక్కడే ఉంటుంది అని జనానికి చెప్పాడు. చెప్పి, తన మనవడు ఎక్కబోయే గుర్రం దగ్గరికి పోయాడు. బాత్మా నాలుగు రోజుల కిందటే సరేనన్న గుర్రమది. దాని మెడ తుడిచి నాలిక్కి రాసుకున్నాడు.

మైదానంలో ఎవరికీ వివరించి చెప్పాల్సిన పని పడలేదు. మనవడు తాతను చూశాడు, బాత్మాను చూశాడు, తనూ అరచేత్తో తుడిచి నాలిక్కి రాసుకున్నాడు. అతని పక్కవాడు తన గుర్రానికి అదే చేశాడు. ఆ పక్కవాడూ అంతే. చెమట పట్టని గుర్రాలను మైదానం చుట్టూ పరిగెత్తించి తెచ్చి మరీ చూశారు. పద్నాలుగు మందిలో సగానికి ఆ రుచి ఏమిటో తెలియదు. తెలియకపోయినా మొహాలు చిట్లించి చప్పరించారు. ఆమెకు పిన్ని వరస, వదిన వరస అయినవాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకుని చూస్తూ నిలబడ్డారు. అందరికన్నా ఆఖరున కెంజెబాయ్ తన ఎర్ర గుర్రం మెడ తుడిచి, ఆమె కళ్ళల్లోకి చూస్తూ, నెమ్మదిగా అరచెయ్యి నాకాడు.

తర్వాత అతను ఫోను తీసి, దారి చెప్పు వదినా, రాసుకుంటానన్నాడు. ఆమె చెప్పింది. జమాన్‌బెల్ పొద్దెక్కకముందు, నది తెల్లవారాక, నాలుగో రోజుకు రెండు పూటల బార్లీ. ఒక్కో మాట రాసుకునే ముందు అతను తలెత్తి రిస్కుల్ మొహం చూసేవాడు. ఆ లోయ వైపు పోయి యాభై ఏళ్ళయిన రిస్కుల్ తలూపితే అప్పుడు రాసుకునేవాడు. ఆమె మధ్యలో నీళ్ళు తాగి, తొమ్మిదో రోజుదాకా చెప్పింది.

వాళ్ళు తొమ్మిదో రోజు సాయంత్రమే తిరిగొచ్చారు. ఒక్క గుర్రం కుంటలేదు, ఒక్క వెన్ను పుండు పడలేదు, రాయి రెండు ముక్కలూ క్షేమంగా చేరి సమాధి మీద నిలబడ్డాయి. విందులో అందరూ కెంజెబాయ్ ఏర్పాట్లను పొగిడారు. బాత్మా అక్కడే పళ్ళేలు అందిస్తూ ఉంది. కెంజెబాయ్ ఆమె చేతిలోంచి పళ్ళెం అందుకుని, గుర్రం ఎలా ఉంది వదినా అన్నాడు, నవ్వు మొహంతో. బాగుంది అంది.

నిజంగానే బాగైంది. మొదటి మంచు పడే నాటికి దాని డొక్కలు పూడాయి, మళ్ళీ ముక్కుతో భుజం నెట్టడం మొదలుపెట్టింది. వసంతంలో కొండ దాటి పోయేవాళ్ళు తమ గుర్రాలను తామే కట్టుకున్నారు. రెండు కూలిపోయాయి. అయినా ఎవరూ ఆమె గడప తొక్కలేదు. దారిలో ఎదురైతే ఆగి, వదినా బాగున్నావా, కాళ్ళ నొప్పులెలా ఉన్నాయి అని అడిగి పోయేవాళ్ళు. ఆమె నిండు గిన్నె ఒలకని ఆ గుర్రం మీద ఊరంతా ఒక చుట్టు తిరిగి ఇంటికొచ్చేది. దాన్ని ఇమ్మని ఆ తర్వాత ఎవరూ అడగలేదు.